సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో వర్గమూలం కనుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియెట్, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కోర్సుల్లో చేరి తొలిసారిగా సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనుక్కున్న తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఇంటి స్థలాల కొలతలు చూసుకునేవారు వర్గమూలం గురించి పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ప్రతి ఉదాహరణనూ స్వయంగా నొక్కి చూసుకోవచ్చు కనుక, కాలిక్యులేటర్‌ను పక్కన పెట్టుకుని చదివితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

ముందు సంఖ్యను నొక్కాలా, ముందు రూట్ బటన్ నొక్కాలా?

అది మీ చేతిలో ఉన్న కాలిక్యులేటర్ రకాన్ని బట్టి ఉంటుంది. విద్యార్థులు ఎక్కువగా వాడే క్యాసియో ఎఫ్ఎక్స్-82ఎంఎస్, 991ఎంఎస్, 991ఈఎస్ ప్లస్ వంటి వాటిలో మనం పుస్తకంలో రాసే వరుసలోనే, అంటే ముందు √, తర్వాత సంఖ్య, చివర = నొక్కాలి. కొట్లలో లెక్కలకు వాడే మామూలు కాలిక్యులేటర్‌లో ముందు సంఖ్యను నొక్కి, ఆ తర్వాత √ నొక్కితే = అవసరం లేకుండానే జవాబు వచ్చేస్తుంది. కొన్ని కంపెనీల సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో √ గుర్తు బటన్ మీద కాకుండా దాని పైభాగంలో, వేరే రంగులో ఉంటుంది. అప్పుడు ముందుగా షిఫ్ట్ గానీ సెకండ్ అనే బటన్ గానీ నొక్కి, ఆ తర్వాత దాన్ని నొక్కాలి.

కొత్త కాలిక్యులేటర్ ఏ రకమో తేల్చుకోవాలంటే 9 నొక్కి √ నొక్కండి. వెంటనే 3 కనిపిస్తే అది సంఖ్యను ముందు అడిగే రకం. తెరమీద 9 పక్కన √ గుర్తు వచ్చి ఆగిపోతే అది రూట్‌ను ముందు అడిగే రకం.

నేనూ నా స్నేహితుడూ ఒకే వరుసలో √, 9, +, 16, = నొక్కాము. నాకు 19 వచ్చింది, అతనికి 5 వచ్చింది. ఎవరి కాలిక్యులేటర్ చెడిపోయింది?

రెండూ బాగానే ఉన్నాయి. వర్గమూలం విషయంలో జరిగే తప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

మోడల్ పేరులో ఎంఎస్ అని ఉండే రకంలో √ గుర్తు తన వెంటనే ఉన్న సంఖ్యకు మాత్రమే వర్తిస్తుంది. అందువల్ల అది 9 వర్గమూలం 3ను తీసుకుని, దానికి 16 కలిపి 19 చూపించింది. పేరులో ఈఎస్ అని ఉండే రకంలో √ నొక్కగానే పుస్తకంలో ఉన్నట్టే అడ్డగీతతో కూడిన గుర్తు వస్తుంది, కర్సర్ ఆ గీత కిందే ఉండిపోతుంది. ఆ తర్వాత నొక్కిన +, 16 కూడా గీత కిందికే చేరాయి. అందుకే అది 25 వర్గమూలం 5ను ఇచ్చింది.

కాబట్టి ఈ రెండు రకాలవారూ జాగ్రత్తపడవలసిన చోట్లు వేరు. ఎంఎస్ వాడేవారు రూట్ కింద ఒకటికంటే ఎక్కువ పదాలుంటే తప్పనిసరిగా బ్రాకెట్ పెట్టాలి: √(9+16). ఈఎస్ వాడేవారు రూట్ కింద రాయవలసింది పూర్తికాగానే కుడివైపు బాణం బటన్ నొక్కి గీత కింద నుంచి బయటికి రావాలి; 3+16 కావాలంటే √, 9, కుడి బాణం, +, 16, = అని నొక్కాలి. స్నేహితుడి కాలిక్యులేటర్‌ను పరీక్ష రోజున అరువు తెచ్చుకునే అలవాటు మంచిది కాదని ఉపాధ్యాయులు చెప్పడానికి ఇది ఒక గట్టి కారణం.

భౌతిక శాస్త్రం లెక్కల్లో సూత్రం సరిగ్గానే రాస్తున్నాను, జవాబు మాత్రం తప్పుతోంది. ఎందుకు?

సాధారణంగా బ్రాకెట్ లోపమే కారణం. మన తలకోన జలపాతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ఎత్తు 270 అడుగులని చెబుతారు, అంటే సుమారు 82 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఒక రాయి ఎక్కడా తగలకుండా, గాలి నిరోధం లేకుండా పడితే నేలను చేరడానికి పట్టే కాలం 2 × 82 ÷ 9.8 విలువకు వర్గమూలం. ఎంఎస్ కాలిక్యులేటర్‌లో √(2×82÷9.8) అని నొక్కితే 4.09 సెకన్లు వస్తుంది. బ్రాకెట్ మరచిపోయి √2×82÷9.8 అని నొక్కితే 2కు మాత్రమే వర్గమూలం తీసుకుని, దాన్ని 82తో గుణించి, 9.8తో భాగించి 11.83 అని చూపిస్తుంది.

రెండో జవాబును కాలిక్యులేటర్ తప్పని చెప్పదు, ఎందుకంటే దానికి మనం చెప్పిన పని అదే. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే మనకు తెలుస్తుంది: రూట్ కింద ఉన్న విలువ సుమారు 164 ÷ 10, అంటే 16కు కాస్త ఎక్కువ, 16 వర్గమూలం 4, కాబట్టి జవాబు 4 దగ్గర ఉండాలి, 12 దగ్గర ఉండే అవకాశమే లేదు. = నొక్కడానికి ముందే ఇలా ఒక అంచనా వేసుకోవడం ఈ పేజీలో చెప్పే అన్ని చిట్కాలకంటే విలువైనదని మా అభిప్రాయం.

ఐదు సెంట్ల చదరపు స్థలం ఒక్కో వైపు ఎన్ని అడుగులుంటుందో చూద్దామంటే 33√2 అని వస్తోంది. దీన్ని అడుగుల్లోకి ఎలా మార్చాలి?

ఒక సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి ఐదు సెంట్లు 2178 చదరపు అడుగులు. భుజం కావాలంటే 2178 వర్గమూలం కనుక్కోవాలి. 2178 అంటే 33 వర్గమైన 1089కి రెండింతలు కనుక, ఈఎస్ రకం కాలిక్యులేటర్ దాన్ని కరణి రూపంలో 33√2 అని చూపిస్తుంది. అది తప్పు కాదు, నిజానికి అదే పూర్తి ఖచ్చితమైన జవాబు. దశాంశ రూపం కావాలంటే ఎస్, డీ అక్షరాల మధ్య రెండు వైపుల బాణం ఉన్న బటన్ నొక్కండి, 46.66904756 అని కనిపిస్తుంది. మొదటి నుంచే దశాంశం కావాలనుకుంటే = బదులు షిఫ్ట్ నొక్కి = నొక్కవచ్చు. ఇటీవల వచ్చిన 991సీడబ్ల్యూ మోడల్‌లో ఈ మార్పు కోసం ఫార్మాట్ అనే బటన్ ఉంది.

ఇక్కడ తల్లిదండ్రులకూ మేస్త్రీలకూ ఒక మాట చెప్పాలి. 46.66 అంటే 46 అడుగుల 66 అంగుళాలు కాదు, 46 అడుగుల 6 అంగుళాలు కూడా కాదు. దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని 12తో గుణిస్తేనే అంగుళాలు వస్తాయి: 0.669 × 12 = 8.03. అంటే ఆ స్థలం ఒక్కో వైపు 46 అడుగుల 8 అంగుళాలు. రెండు అంగుళాల తేడా ప్రహరీ గోడ దగ్గర ఎంత గొడవ తెస్తుందో స్థలం కొన్న ప్రతివారికీ తెలుసు.

పది సెంట్లయితే భుజం దీనికి రెండింతలు ఉంటుందా?

ఉండదు. పది సెంట్లు 4356 చదరపు అడుగులు, దాని వర్గమూలం సరిగ్గా 66. వైశాల్యం రెండింతలైనప్పుడు భుజం √2 రెట్లు, అంటే సుమారు 1.414 రెట్లు మాత్రమే పెరుగుతుంది. భుజం రెండింతలు కావాలంటే వైశాల్యం నాలుగింతలు కావాలి. నలభై సెంట్ల చదరపు స్థలం భుజం 132 అడుగులు. పది సెంట్లకు ఇంత గుండ్రని సంఖ్య రావడం యాదృచ్ఛికం కాదు: భూమి సర్వేలో వాడిన గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే వంద సెంట్లు; కాబట్టి పది సెంట్లు సరిగ్గా ఒక చదరపు గొలుసు.

స్థలానికి మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో కర్ణం కొలిచి చూడమంటారు. దాన్ని ఎలా లెక్కించాలి?

పొడవు వర్గాన్ని, వెడల్పు వర్గాన్ని కలిపి, ఆ మొత్తానికి వర్గమూలం తీయాలి. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న స్థలానికి √(30²+50²) నొక్కితే 58.30951895 వస్తుంది, అంటే 58 అడుగుల 3¾ అంగుళాలకు కాస్త తక్కువ. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ ఈ కొలతకు సరిపోతే నాలుగు మూలలూ లంబకోణాలే. 30, 40 అడుగుల స్థలానికైతే కర్ణం సరిగ్గా 50 అడుగులు, కాలిక్యులేటర్ అక్కరలేదు.

మ్యాథ్ ఎర్రర్ అని వస్తే ఏం చేయాలి?

ఏసీ నొక్కి, రూట్ కింద రుణ సంఖ్య ఏమైనా వచ్చిందేమో చూడండి. ఏ నిజ సంఖ్యను వర్గం చేసినా రుణ సంఖ్య రాదు కనుక, సాధారణ లెక్కల మోడ్‌లో √(−4) అడిగితే కాలిక్యులేటర్ నిరాకరిస్తుంది.

అయితే రుణ సంఖ్య నిజంగానే ఉందా, నొక్కడంలో వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. 2ఎక్స్² − 5ఎక్స్ + 1 = 0 అనే వర్గ సమీకరణంలో విచక్షణి, అంటే మూలాల సూత్రంలో రూట్ కింద వచ్చే భాగం, (−5)² − 4×2×1, అంటే 17. బ్రాకెట్ లేకుండా −5² అని నొక్కితే క్యాసియో కాలిక్యులేటర్ ముందు 5ను వర్గం చేసి, ఆ తర్వాత రుణ గుర్తు చేర్చి −25గా తీసుకుంటుంది. మొత్తం −33 అవుతుంది, మ్యాథ్ ఎర్రర్ వస్తుంది. విద్యార్థి మాత్రం సమీకరణానికి నిజ మూలాలు లేవని రాసి మార్కులు పోగొట్టుకుంటాడు. రుణ సంఖ్యను వర్గం చేసేటప్పుడు బ్రాకెట్ పెట్టడం ఒక నియమంగా పాటించాలి. విచక్షణి నిజంగానే రుణ సంఖ్య అయితే అప్పుడు ఇంటర్మీడియెట్‌లో చెప్పే సంకీర్ణ సంఖ్యల పద్ధతిలో రాయాలి.

అదే సమీకరణానికి మూలాలు ఎలా నొక్కాలి?

లవం మొత్తాన్నీ బ్రాకెట్‌లో పెట్టి (5+√17)÷4 అని నొక్కితే 2.280776406 వస్తుంది, (5−√17)÷4 అని నొక్కితే 0.2192235936 వస్తుంది. బయటి బ్రాకెట్ మరిచి 5+√17÷4 అంటే √17 మాత్రమే 4తో భాగించబడి 6.030776406 వస్తుంది. ఈఎస్ రకంలో భిన్నం బటన్ వాడితే లవం, హారం వేర్వేరు గడుల్లో ఉంటాయి కనుక ఈ బ్రాకెట్ అవసరం లేదు, కానీ √17 తర్వాత గీత కింద నుంచి బయటికి రావడం మరవకూడదు. వచ్చిన రెండు మూలాలనూ కలిపి చూడండి: మొత్తం 2.5 రావాలి, ఎందుకంటే మూలాల మొత్తం 5 ÷ 2.

49 వర్గమూలం అడిగితే కాలిక్యులేటర్ 7 మాత్రమే చూపిస్తుంది. −7 ఏమైంది?

√ గుర్తు ధన వర్గమూలాన్ని మాత్రమే సూచిస్తుంది, కాలిక్యులేటర్ ఆ ఒప్పందాన్నే పాటిస్తుంది. ఏ సంఖ్య వర్గం 49 అని అడిగితే మాత్రం 7, −7 రెండూ జవాబులే. కాబట్టి సమీకరణం సాధించేటప్పుడు ± గుర్తు మీరే రాయాలి.

√2ను 1.414213562 అని రాసుకుని మళ్లీ వర్గం చేస్తే 2 రావడం లేదు. ఎందుకు?

√2 కరణీయ సంఖ్య. దాని దశాంశ విస్తరణకు అంతం లేదు, ఆవర్తనమూ కాదు; కాలిక్యులేటర్ తెరమీద పది అంకెలు మాత్రమే పడతాయి. ఆ పది అంకెలను మీరు మళ్లీ టైపు చేసి వర్గం చేస్తే 1.999999999 వస్తుంది, అది సహజమే. అయితే √2 = నొక్కిన వెంటనే, ఏమీ టైపు చేయకుండా, ఎక్స్ స్క్వేర్ బటన్ నొక్కి = నొక్కితే 2 వస్తుంది. తెరమీద కనిపించేవాటికంటే మరికొన్ని అంకెలను కాలిక్యులేటర్ తన లోపల ఉంచుకోవడమే దీనికి కారణం.

దీని నుంచి పనికొచ్చే అలవాటు ఒకటి ఉంది. లెక్క మధ్యలో వచ్చిన వర్గమూలాన్ని రెండు దశాంశాలకు కుదించి కాగితం మీద రాసుకుని, మళ్లీ టైపు చేయవద్దు. చివరిగా వచ్చిన జవాబును గుర్తుంచుకునే ఆన్స్ బటన్‌తో ముందుకు తీసుకువెళ్లి, చివరి జవాబును మాత్రమే కుదించండి. ప్రయోగశాల రికార్డుల్లో కనిపించే చిన్న చిన్న తేడాల్లో కొన్ని ఈ మధ్యలో కుదింపు వల్ల వచ్చేవే.

ఒక సంఖ్య పరిపూర్ణ వర్గమో కాదో కాలిక్యులేటర్‌తో తేల్చవచ్చా?

చిన్న సంఖ్యలకు తేల్చవచ్చు: వర్గమూలం పూర్ణాంకంగా వస్తే అది పరిపూర్ణ వర్గం. పెద్ద సంఖ్యల దగ్గర మాత్రం తెరను పూర్తిగా నమ్మకూడదు. 10000000001 అనే పదకొండు అంకెల సంఖ్యకు వర్గమూలం అడిగితే 100000 అని కనిపిస్తుంది. నిజమైన విలువ 100000.000005కు అతి దగ్గరగా ఉంటుంది, ఆ చివరి అంకె పది అంకెల తెరలో పట్టలేదు. వెంటనే ఆ జవాబు నుంచి 100000 తీసివేస్తే దాగిన ఆ చిన్న భాగం బయటపడుతుంది. అసలు 2, 3, 7, 8 అంకెలతో అంతమయ్యే సంఖ్య ఏదీ పరిపూర్ణ వర్గం కాదని ఎనిమిదో తరగతి గణితంలోనే చదివి ఉంటారు కనుక, వాటికి బటన్ నొక్కవలసిన పనే లేదు.

ఘనమూలం, ఐదో మూలం ఎలా?

ఈఎస్ రకంలో షిఫ్ట్, √ నొక్కితే ఘనమూలం. ఎఫ్ఎక్స్-82ఎంఎస్‌లో ఆ గుర్తు ఎక్స్ క్యూబ్ బటన్ పైన ఉంటుంది. ఇతర మూలాలకు ఘాతాంకం బటన్ పైన ఉన్న గుర్తును వాడాలి. ఎంఎస్‌లో 5, షిఫ్ట్, ఘాతాంకం బటన్, 32, = నొక్కితే 32 ఐదో మూలం 2 వస్తుంది.

వర్గమూలాన్ని ½ ఘాతంగా కూడా నొక్కవచ్చు. కాని ఎంఎస్‌లో ఘాతాంకాన్ని బ్రాకెట్‌లో పెట్టి (1÷2) అని గానీ, 0.5 అని గానీ నొక్కాలి. లేకపోతే √2 కోసం నొక్కినప్పుడు 2ను 1వ ఘాతానికి తీసుకెళ్లి, ఆ తర్వాత 2తో భాగించి 1 అని చూపిస్తుంది.

4 × 10⁶ వంటి సంఖ్యలకు?

10 ఘాతాన్ని × గుర్తు, 10, ఘాతాంకం అని విడివిడిగా నొక్కకుండా, దానికోసమే ఉన్న బటన్‌తో (ఎంఎస్‌లో ఈఎక్స్‌పీ అని ఉంటుంది) నొక్కండి. అప్పుడు √ దాన్ని ఒకే సంఖ్యగా తీసుకుని 2000 ఇస్తుంది. విడివిడిగా నొక్కితే ఎంఎస్‌లో 4కు మాత్రమే వర్గమూలం తీసి 2000000 చూపిస్తుంది.

జవాబులన్నీ రెండు దశాంశాలకే వస్తున్నాయి, లేదా 10 ఘాతంతో వస్తున్నాయి. సరిచేయడం ఎలా?

ఎవరో ఫిక్స్ (దశాంశ స్థానాలను పరిమితం చేసేది) లేదా సై (10 ఘాతంతో చూపేది) అమరిక పెట్టి ఉంటారు. ఎఫ్ఎక్స్-82ఎంఎస్‌లో మోడ్ బటన్‌ను మూడుసార్లు నొక్కి, 3వ ఎంపికైన నార్మ్‌ను ఎంచుకుని 1 నొక్కండి. 991ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, మోడ్, 8, 1.

డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా అన్నది వర్గమూలం మీద ప్రభావం చూపుతుందా?

చూపదు. రూట్ కింద సైన్, కాస్ వంటివి ఉంటేనే దాన్ని పట్టించుకోవాలి.

రూట్ బటన్ పనిచేయకపోతే వేరే దారి ఉందా?

చక్కని దారి ఉంది. 2178 వర్గమూలానికి 46 అని అంచనా వేసి 46 = నొక్కండి. తర్వాత (ఆన్స్+2178÷ఆన్స్)÷2 అని టైపు చేసి = నొక్కితే 46.67391304 వస్తుంది. ఇంకేమీ టైపు చేయకుండా మళ్లీ = నొక్కితే 46.66904 దాకా వస్తుంది, మరోసారి నొక్కితే తెర నిండా సరైన అంకెలే. అంచనా అసలు విలువకంటే తక్కువైతే, దానితో 2178ను భాగించగా వచ్చేది ఎక్కువవుతుంది. రెండింటి సగటు అసలు విలువకు దగ్గరవుతుంది. అలెగ్జాండ్రియాకు చెందిన హీరన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇదే.

కాలిక్యులేటర్ ఉన్నాక పిల్లలు భాగహార పద్ధతిలో వర్గమూలం నేర్చుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్నను తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా మేము నేర్పించమనే చెబుతాము. సంఖ్యను కుడివైపు నుంచి జంటలుగా విడగొట్టడం వస్తే, జవాబులో ఎన్ని అంకెలుంటాయో కాలిక్యులేటర్ తాకకముందే తెలుస్తుంది. 43560లో మూడు భాగాలున్నాయి: 4, 35, 60. కాబట్టి వర్గమూలంలో మూడు పూర్ణాంక స్థానాలుంటాయి, మొదటి అంకె 2. కాలిక్యులేటర్ 208.71 చూపితే నమ్మవచ్చు, 20.87 అని కనిపిస్తే దశాంశ బిందువు ఎక్కడో తప్పు పడిందని వెంటనే పట్టుకోవచ్చు. క్రీ.శ. 499లో వెలువడిన ఆర్యభటీయంలో ఆర్యభటుడు వర్గ, అవర్గ స్థానాలుగా (కుడివైపు నుంచి బేసి, సరి స్థానాలుగా) సంఖ్యను విడదీసి అంకె తర్వాత అంకెగా వర్గమూలం తీసే నియమాన్ని చెప్పాడు. మన పిల్లలు బడిలో చేసే పని దాని వారసత్వమే. ఆ స్థానాల అవగాహన లేని చేతిలో ఎంత ఖరీదైన కాలిక్యులేటర్ ఉన్నా, వచ్చిన అంకెలను ప్రశ్నించే శక్తి ఉండదు.

ఏ పరీక్షల్లో కాలిక్యులేటర్ వాడవచ్చు?

జేఈఈ మెయిన్‌కు, ఏపీ ఈఏపీసెట్‌కు అనుమతి లేదు. అందువల్ల ఆ పరీక్షలకు చదివేవారు కనీసం 1 నుంచి 30 వరకు వర్గాలు, √2, √3, √5 విలువలు నోటికి వచ్చేలా చూసుకోవాలి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పరీక్షల్లో ఏ రకం అనుమతిస్తారో హాల్ టికెట్ మీది సూచనలు, కళాశాల నోటీసు చూసి నిర్ధారించుకోండి.

ఐఐటీ తిరుపతి వంటి సంస్థల్లో ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షలో సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. కంప్యూటర్ తెరమీదే ఒక కాలిక్యులేటర్ ఇస్తారు, దాన్ని మౌస్‌తో నొక్కాలి. దానిలో ముందు సంఖ్య, తర్వాత √. మూడు నాలుగేళ్లు క్యాసియోకు అలవాటుపడిన చెయ్యి అక్కడ తడబడుతుంది కనుక, పరీక్షకు కొన్ని వారాల ముందు నుంచే సాధన లెక్కలన్నీ ఆ తరహా కాలిక్యులేటర్ మీదే చేయడం అవసరం.

ఫోనులో, కంప్యూటర్‌లో?

ఆండ్రాయిడ్ ఫోన్లలోని గూగుల్ కాలిక్యులేటర్‌లో ముందు √, తర్వాత సంఖ్య. విండోస్ కాలిక్యులేటర్‌లో ముందు సంఖ్య, తర్వాత √. ఎక్సెల్‌లో గడిలో = గుర్తు వేసి ఎస్‌క్యూఆర్‌టీ అనే ఫంక్షన్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, బ్రాకెట్‌లో సంఖ్య ఇవ్వాలి; రుణ సంఖ్య ఇస్తే అక్కడా జవాబు బదులు ఎర్రర్ వస్తుంది.